అమ్మకి సీఆర్‌పీ 18. మనిషి ఇలా ముడుచుకుపోవడానికి అదే కారణమా?

గూడెం_అమ్మాయి | 3 ఆగస్టు, రాత్రి 10:42

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పొడుగు, ఏమీ అనుకోకండి.

మా అమ్మకి 71 ఏళ్లు. తాడేపల్లిగూడెంలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు పుణెలో. అమ్మకి పన్నెండేళ్ల నుంచి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అదే కీళ్లవాతం. వేళ్లు వంకర తిరిగినా నోరు మాత్రం గలగలలాడుతూనే ఉండేది. వీధిలో ఎవరింట్లో ఏం కూరో చెప్పేసే మనిషి. అలాంటిది సంక్రాంతి దాటినప్పటి నుంచి మెల్లమెల్లగా మారిపోయింది. ఫోన్ చేస్తే 'ఆ', 'ఊ', 'తిన్నాను', అంతే. గుడికి వెళ్లడం మానేసింది. టీవీ పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటోందని పక్కింటి పిన్ని చెప్పింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందట. ఏంటమ్మా బాధ అంటే 'ఒళ్లంతా లాగేస్తోందే' అంటుంది తప్ప ఇంకో మాట లేదు.

మొన్న వెళ్లి రక్తపరీక్షలు చేయించాను. సీఆర్‌పీ, అంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, సెగ) ఎంతుందో చెప్పే అంకె, 18 వచ్చింది. నెట్‌లో చూస్తే, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువైతే డిప్రెషన్ వస్తుందని చాలాచోట్ల రాశారు. అంటే ఈ 18ని కిందికి దించితే అమ్మ మళ్లీ మామూలు మనిషవుతుందా? దేంతో దించాలి? తమ్ముడేమో 'వయసు కదక్కా, అలాగే ఉంటారు' అంటున్నాడు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

---

చుక్కల_ముగ్గు | 3 ఆగస్టు, రాత్రి 11:05

తమ్ముళ్లందరికీ ఆ డైలాగు ఎవరు నేర్పిస్తారో! మా వాడూ అచ్చం అదే అన్నాడు.

రాత్రిపూట పాలలో పసుపు, రెండు మిరియాలు దంచి వేసి ఇవ్వండి. వాపులకి చాలా మంచిది. మా అత్తగారికి రోజూ ఇస్తాం.

---

పాత_స్టెతస్కోపు | 4 ఆగస్టు, ఉదయం 6:20

ముప్పై అయిదేళ్లు జనరల్ ఫిజీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఇక్కడ రాసేది సలహా మాత్రమే, మీ డాక్టరు మాటకి బదులు కాదు.

ముందు రిపోర్టులో యూనిట్ చూడమ్మా. లీటరుకి 18 మిల్లీగ్రాములే అయ్యుంటుంది. డెసిలీటరుకి 18 అయితే అది పది రెట్లు ఎక్కువ, ఈపాటికి ఆస్పత్రిలో ఉండాల్సిన అంకె. గుండెజబ్బు ముప్పు అంచనాకి వాడే హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే మరింత సున్నితమైన సీఆర్‌పీ పరీక్షలో 1 లోపు తక్కువ, 3 దాటితే ఎక్కువ అంటాం. 10 దాటిందంటే ఆ లెక్క పక్కన పెట్టి, ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫెక్షనో కీళ్లవాతమో రగులుతోందా అని వెతుకుతాం. మీ అమ్మగారి విషయంలో కీళ్లే అనుకోవచ్చు. కానీ ఒకటి అడగాలి: ఆమె వేసుకోవాల్సిన మందులు నిజంగా వేసుకుంటున్నారా? మీరు కొనిచ్చినవి కాదు, ఆమె మింగుతున్నవి.

మెల్లమెల్లగా మారింది అన్నారు, అది మంచి గమనింపు. రెండు మూడు రోజుల్లోనే మనిషి అయోమయమైపోయి, రాత్రీ పగలూ తెలియకుండా మాట్లాడితే అది డిప్రెషన్ కాదు, డెలీరియం. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో కూడా అలా కావచ్చు. అప్పుడు ఫోరంలో పోస్టు పెట్టకూడదు, ఆటో ఎక్కించాలి.

ఇక మీ తమ్ముడికి: 2017-18లో మన దేశంలో 45 ఏళ్లు పైబడిన సుమారు 72 వేల మందిపై లాసీ అనే పెద్ద సర్వే జరిగింది. 60 దాటినవాళ్లలో ప్రశ్నలడిగి చూస్తే డిప్రెషన్ లక్షణాలు ఉన్నవాళ్లు 8.3 శాతం. 'మాకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పారు' అన్నవాళ్లు 0.8 శాతం. మిగిలినవాళ్ల ఇళ్లలో 'వయసు కదా' అని సరిపెట్టుకునే తమ్ముళ్లు ఉన్నారన్నమాట.

థైరాయిడ్, బీ12, సోడియం, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గడం మామూలే.

---

ల్యాబ్_ఎలుక | 4 ఆగస్టు, ఉదయం 9:48

ఇమ్యునాలజీలో పరిశోధన చేస్తుంటాను. ఎలుకల మీదే ఎక్కువ, అందుకే ఈ పేరు.

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఇన్‌ఫ్లమేషన్ వల్ల మనసు కుంగుతుందా? కుంగగలదు. సీఆర్‌పీ దించితే మనసు బాగుపడుతుందా? అది వేరే ప్రశ్న.

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. అది కాలేయంలో తయారవుతుంది. తయారుచెయ్యమని చెప్పే రసాయనాల్లో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6. కాబట్టి సీఆర్‌పీ మంట కాదు, పొగ. పొగ కొలిచే మీటరులో ముల్లు తిప్పితే మంట ఆరదు కదా.

ఆ రసాయనాల కబురు మెదడుకీ అందుతుంది. జ్వరం వచ్చినప్పుడు ఏం చేస్తాం? దుప్పటి ముసుగేస్తాం. అన్నం సయించదు. ఎవరైనా పలకరిస్తే విసుగు. అది బలహీనత కాదు, జబ్బుతో పోరాడుతున్నప్పుడు శక్తి దాచుకోమని మెదడు చేసే ఏర్పాటు. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, ముసుగూ తీసేస్తాం. కీళ్లవాతం ఏళ్ల తరబడి రగులుతుంటే? సన్నగా, ఎడతెగకుండా అదే కబురు. దానికి తోడు సెరొటోనిన్ తయారీకి కావాల్సిన ట్రిప్టోఫాన్‌ను ఇన్‌ఫ్లమేషన్ వేరే దారికి మళ్లిస్తుంది. ఆ దారిలో పుట్టే పదార్థాల్లో కొన్ని నరాలకి చేటు చేసేవి.

వయసు మీద పడితే ఏ జబ్బూ లేకపోయినా ఈ లోపలి సెగ కాస్త పెరుగుతుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో దీనికి 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టారు. పొట్ట చుట్టూ కొవ్వు, చిగుళ్ల జబ్బు, నిద్రలేమి దాన్ని ఎగదోస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి, ఇది రెండు వైపులా నడుస్తుంది. కుంగిపోయిన మనిషి నడవదు, సరిగ్గా తినదు, నిద్రపోదు. వాటివల్ల సెగ ఇంకా పెరుగుతుంది. ఏది ముందు అని అమ్మగారి రక్తం చెప్పదు.

---

హన్మకొండ_పెద్దాయన | 4 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

ల్యాబ్ ఎలుక గారు రాసింది నేను ఒంటి మీద అనుభవించిన మనిషిని. పదిహేనేండ్ల కిందట నాకు హెపటైటిస్ సి అని తేలింది. అప్పట్లో ఇప్పటి మాత్రలు లేవు, వారానికొక ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, 48 వారాలు. అది ఒంట్లో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే మందు.

మూడో నెలకి ఏమైందంటే, పొద్దున లేచి బ్రష్ చేతిలో పట్టుకొని అద్దం ముందు ఏడుస్తున్నా. ఎందుకో తెల్వదు. ఇంట్ల లోటు లేదు, ఉద్యోగం ఉంది, పిల్లలు మంచిగ చదువుతున్నరు. మా ఆవిడ భయపడి మా అన్నను పిలిపించింది. ఆయన వచ్చి 'ధైర్యంగ ఉండాలె' అని గంటసేపు చెప్పిండు. నాకు లేనిది ధైర్యం కాదు సార్, లేవాలన్న బుద్ధే లేదు. చివరికి డాక్టరు చెప్పిండు, ఈ ఇంజెక్షన్‌తో చాలామందికి డిప్రెషన్ వస్తదని, ముందే హెచ్చరించాల్సిందని. మాత్రలు రాసిచ్చిండు. ఇంజెక్షన్ల కోర్సు అయిపోయినంక కొన్ని నెలలకు మబ్బు విడిచినట్టు విడిచింది.

అందుకే అమ్మా, మీ అమ్మ కావాలని అట్ల ఉంటలేదు. ఆ ఒక్క మాట మీరు నమ్మితే సగం పని అయినట్టే.

---

గూడెం_అమ్మాయి | 4 ఆగస్టు, మధ్యాహ్నం 2:02

పెద్దాయన గారూ, ఆఫీసులో కూర్చుని చదివాను. కళ్లనీళ్లు ఆగలేదు. పోయిన వారమే అమ్మని 'నువ్వే కాస్త మనసు గట్టి చేసుకోవాలి' అని విసుక్కున్నాను.

---

డల్లాస్_దొర | 4 ఆగస్టు, రాత్రి 8:30

లాజిక్ సింపుల్ కదా. ఇన్‌ఫ్లమేషన్ సమస్య అయితే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు వెయ్యాలి. మా నాన్నకి రోజూ చిన్న డోసు ఆస్పిరిన్, విటమిన్ డి, చేపనూనె మాత్రలు పంపిస్తున్నా. గుండెకీ మంచిది, మూడ్‌కీ మంచిది.

---

ల్యాబ్_ఎలుక | 4 ఆగస్టు, రాత్రి 9:10

దొర గారూ, నాకూ ఆ లాజిక్ నచ్చింది, చాలామంది శాస్త్రవేత్తలకీ నచ్చింది. అందుకే పరీక్షించి చూశారు. ఆస్ప్రీ అని ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది పెద్దవాళ్ల మీద, అందులో ఎక్కువమంది 70 దాటినవాళ్లే, సగం మందికి రోజుకి 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. డిప్రెషన్ రాకుండా ఆపలేదు. రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. విటమిన్ డి సంగతీ అంతే: 50 దాటిన 18 వేల మందికి పైగా తీసుకుని, సగం మందికి ఐదేళ్లకు పైగా ఇచ్చి చూసి 2020లో ఫలితం చెప్పారు, డిప్రెషన్ విషయంలో తేడా లేదు. అదే అధ్యయనంలో చేపనూనె కూడా నిరాశే మిగిల్చింది. మీ నాన్నగారికి గుండెకి డాక్టరు రాస్తే ఆస్పిరిన్ మానొద్దు. మూడ్ కోసం మాత్రం సూట్‌కేసులో పంపకండి.

ఇంకో ప్రయోగం, నాకు చాలా ఇష్టమైనది. 2013లో అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీవాళ్లు, మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిని తీసుకున్నారు. సగం మందికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే గట్టి ఇన్‌ఫ్లమేషన్ మందు, సగానికి ఉత్త సెలైన్. మొత్తంగా చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు. కానీ హెచ్‌ఎస్-సీఆర్‌పీ 5 దాటినవాళ్లని విడిగా చూస్తే మందు పనిచేసిన జాడ కనిపించింది. తక్కువ ఉన్నవాళ్లలో సెలైనే నయమనిపించింది! అంటే డిప్రెషన్ ఒక్కటే జబ్బు కాదు. కొందరిది ఈ దారిన వచ్చేది, కొందరిది కాదు. అరవై మందితో తేల్చేసే విషయమూ కాదు.

చుక్కల ముగ్గు గారూ, పసుపు పాలు నిక్షేపంగా తాగండి. గాఢంగా తీసిన పసుపు మాత్రలు మాత్రం వద్దు, వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

---

గూడెం_అమ్మాయి | 9 ఆగస్టు, రాత్రి 11:31

స్టెతస్కోపు డాక్టరు గారూ, 'ఆమె మింగుతున్నవి' అన్న మీ మాట బుర్రలో ఉండిపోయింది. శనివారం గూడెం వచ్చాను. వంటింట్లో అటక మీద మరమరాల డబ్బా తీస్తే ఏడాదిగా నేను పంపిన కీళ్లవాతం మందు, మెథోట్రెక్సేట్ స్ట్రిప్పులన్నీ అందులోనే ఉన్నాయి. ముట్టుకోలేదు! 'అది వేసుకున్న రోజు కడుపులో తిప్పేస్తుందే, నీకు చెబితే కోప్పడతావని' అంటోంది. దాని బదులు దగ్గర్లో ఒకాయన ఇచ్చే పొట్లాలు వేసుకుంటోందట. రోజుకో పొట్లం, పేరు లేదు, రెండు చిన్న తెల్ల మాత్రలు. మొదట్లో 'గంటలో లేచి కూర్చునేదాన్ని' అంది. ఇప్పుడు అవీ పనిచెయ్యట్లేదట.

నాకు ఒళ్లు మండి పొట్లాలన్నీ చెత్తబుట్టలో పారేశాను.

---

పాత_స్టెతస్కోపు | 9 ఆగస్టు, రాత్రి 11:44

అమ్మా, ఆ పొట్లాలు వెంటనే చెత్తబుట్టలోంచి తియ్యండి. నిజంగానే చెబుతున్నాను.

పేరు లేని చిన్న తెల్ల మాత్ర, గంటలో లేపి కూర్చోబెట్టేది అంటే స్టెరాయిడ్ అయ్యుండే అవకాశం ఎక్కువ. ఏడాదిగా రోజూ తిన్న మనిషికి ఒంట్లో సొంతంగా ఆ హార్మోన్ తయారయ్యే గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఈ రాత్రి వాంతులు, కళ్లు తిరగడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి. లేకపోతే రేపు ఒక్క పూట వృథా చెయ్యకుండా ఎండీ డాక్టరుకి పొట్లంతో సహా చూపించండి. ఆయన తెలిసిన మందు, తెలిసిన డోసులోకి మార్చి, మెల్లగా దించుతారు.

ఇంకోటి. స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, మనసునీ ఊపేస్తుంది. కొందరిని హుషారెక్కిస్తుంది, కొందరిని కుంగదీస్తుంది. మీ అమ్మగారి మూడింటి మెలకువలో దీని వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

---

మందులషాపు_బాబాయ్ | 10 ఆగస్టు, ఉదయం 7:55

కౌంటర్ వెనక ఇరవై రెండేళ్లు నిలబడ్డాను కాబట్టి రెండు ముక్కలు. మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెడితే అది వారానికి ఒక్క రోజే. రోజూ అనుకుని మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లని చూశాను. స్ట్రిప్పు మీద మార్కర్‌తో 'మంగళవారం' అని తెలుగులో రాసిపెట్టండి. కడుపులో తిప్పడానికి ఫోలిక్ యాసిడ్ తోడిస్తారు, డాక్టరుకి చెబితే డోసు సర్దడానికీ దారులున్నాయి. చెప్పకపోవడమే సమస్య.

డిప్రెషన్ మాత్ర ఏదైనా రాస్తే, ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలన్నీ ఆ డాక్టరుకి చూపించండి. కొన్ని రకాల డిప్రెషన్ మాత్రలూ డైక్లోఫినాక్ లాంటివీ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు ఎక్కువ. బీపీకి నీళ్లమాత్ర వేసుకుంటుంటే సోడియం కూడా పడిపోవచ్చు, మొదటి వారాల్లో ఓసారి చూపించండి.

---

బెజవాడ_ఫిజియో | 10 ఆగస్టు, మధ్యాహ్నం 12:20

అక్కా, ఒక ప్రశ్న. గుడికి ఎందుకు మానేశారో ఆవిడని అడిగారా? 'మూడ్ బాలేదు' అని మీరు అనుకోవడం కాదు, ఆవిడ నోటితో చెప్పిన కారణం. నా దగ్గరికి వచ్చే కీళ్లవాతం ఆడవాళ్లలో చాలామందికి కారణం గుడి మెట్లు కాదు. ఇంట్లోంచి బయటికి వచ్చేలోపే ఏదో ఉంటుంది.

---

గూడెం_అమ్మాయి | 31 ఆగస్టు, రాత్రి 9:15

ఆలస్యానికి సారీ. సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాం. స్టెరాయిడే అన్నారు. ఇప్పుడు లెక్క ప్రకారం మెల్లగా తగ్గిస్తున్నారు. ఏలూరులో రుమటాలజిస్టుకి చూపించాం, మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలైంది, మంగళవారం రాత్రి. బాబాయ్ చెప్పినట్టే మార్కర్‌తో రాశాను.

సైకియాట్రిస్టు అంటే అమ్మ ఒప్పుకోదని భయపడ్డాను. 'నిద్ర డాక్టరు' అని తీసుకెళ్లాను, అబద్ధమేగానీ పని జరిగింది. ఆయన వృద్ధుల కోసం తయారుచేసిన 15 ప్రశ్నల పట్టిక అడిగారు. అవును, కాదు అంటే చాలు. 'మీ జీవితం ఖాళీగా ఉందనిపిస్తుందా' అన్నప్పుడు అమ్మ నా వైపు చూసి, తల దించుకుని, అవును అంది. పదిహేనుకి పదకొండు. చనిపోవాలనిపిస్తుందా అని కూడా సూటిగా అడిగారు. నాకు గుండె ఆగినంత పనైంది. 'దేవుడు తీసుకుపోతే బాగుండనిపిస్తుంది, నేనై ఏమీ చేసుకోను' అంది. అలా అడిగితే కొత్తగా ఆలోచన పెట్టినట్టు అవుతుందేమో అన్నాను బయటికొచ్చాక. కాదమ్మా, అడగకపోతేనే ఒంటరిగా మోస్తారు అన్నారు. రాత్రికి చిన్న డోసు మాత్ర రాశారు. ఫలితం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పెద్దవాళ్లలో ఇంకాస్త పట్టొచ్చు అన్నారు.

ఫిజియో గారూ, మీ ప్రశ్న అడిగాను. అంత సేపూ ఏమీ మాట్లాడని మనిషి, 'జడ వేసుకోలేకపోతున్నానే' అంది. చేతులు తల వెనక్కి వెళ్లట్లేదట. జాకెట్ హుక్కులు పట్టట్లేదు. కుచ్చిళ్లు వేళ్లలో నిలవట్లేదు. నైటీ మీద గుడికి ఎలా వెళ్తాను అంది. పక్కింటి పిన్నిని అడగొచ్చుగా అంటే, 'ఇవాళ జడ, రేపు స్నానమా' అంది. ఏడు నెలలు, జడ కోసం.

---

బెజవాడ_ఫిజియో | 1 సెప్టెంబర్, ఉదయం 10:05

అదే అనుకున్నాను. దువ్వెన పిడికి పాత గుడ్డ లావుగా చుట్టి దారం కట్టండి, పట్టు దొరుకుతుంది. జాకెట్లకి హుక్కులు తీయించి అంటించే పట్టీ వేయించండి. మీ టైలర్ని కుచ్చిళ్లు ముందే కుట్టేసిన చీర అడగండి, రెండు నిమిషాల్లో కట్టుకోవచ్చు. పొద్దున్నే కీళ్లు బిగుసుకుని ఉంటాయి కాబట్టి గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టించి, ఆ తర్వాతే పనులు. సాయంత్రం పది నిమిషాలు నడక, వారానికి రెండేసి నిమిషాలు పెంచండి.

---

హన్మకొండ_పెద్దాయన | 1 సెప్టెంబర్, రాత్రి 7:40

మళ్లా హైదరాబాద్ పోతరు కదా మీరు. అమ్మకు ఫోన్ల 14416 సేవ్ చేసి పెట్టండి. టెలీ మానస్, సర్కారుది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు.

---

గూడెం_అమ్మాయి | 12 అక్టోబర్, రాత్రి 8:48

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

సెప్టెంబర్ మూడోవారంలో మళ్లీ పరీక్ష చేయిస్తే సీఆర్‌పీ 7. నేను రిపోర్టు పట్టుకుని ఎగిరాను. వేళ్ల వాపు కూడా తగ్గింది. అమ్మ మాత్రం అలాగే గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ వారం నేను చాలా డీలా పడ్డాను. అంకె దిగింది, మనిషి రాలేదు. డిప్రెషన్ మాత్ర డోసు కాస్త పెంచారు. సోడియం బాగానే ఉంది.

కుచ్చిళ్లు కుట్టిన చీర తెస్తే 'ఇది చీరా లంగానా' అని మూడు రోజులు తాకలేదు. నాలుగో రోజు నేను నిద్ర లేచేసరికి కట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది. వీధి చివర రామాలయానికి పిన్నితో కలిసి వెళ్లొచ్చింది. దసరాకి రెండుసార్లు వెళ్లింది. ఇంకా మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉన్నాయి. సోమవారం అసలు మంచం దిగలేదట. నిన్న మాత్రం పొద్దున్నే తనే ఫోన్ చేసి, పాలలో నీళ్లు కలుపుతున్నాడని పాలవాడిని పావుగంట తిట్టింది.

---

పాత_స్టెతస్కోపు | 12 అక్టోబర్, రాత్రి 9:20

చాలా సంతోషం. మెథోట్రెక్సేట్ వాడినంత కాలం డాక్టరు చెప్పిన గడువుకి కాలేయం, రక్తకణాల పరీక్షలు మరవొద్దు. బాగున్నాను కదా అని డిప్రెషన్ మాత్ర మధ్యలో ఆపనివ్వకండి. మళ్లీ అటక డబ్బా ఓసారి చూడండి.

---

చుక్కల_ముగ్గు | 12 అక్టోబర్, రాత్రి 9:26

పాలవాడికి నా సానుభూతి.

కుచ్చిళ్లు కుట్టడానికి మీ టైలర్ ఎంత తీసుకున్నారండీ? మా అత్తగారికి నాలుగు చీరలు ఇద్దామని.

---

గూడెం_అమ్మాయి | 12 అక్టోబర్, రాత్రి 9:41

నూలు చీరకి 250. ఫాల్ విడిగా. పట్టుది కుట్టనన్నాడు, కుట్లు పడితే చీర పాడవుతుందట.